వంగిన కారు చక్రం: బెండు తీయించాలా, కొత్తది వేయించాలా?

గుంతలో పడిన కారు చక్రం వంగిందని తెలిసినప్పుడు చాలామంది ముందుగా అడిగేది ఖర్చు గురించే. బెండు తీయడానికి ఎంత, కొత్త చక్రానికి ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకొని తక్కువైన దాని వైపు మొగ్గుతారు. అయితే ఈ నిర్ణయంలో ధర రావలసింది చివర్లో. ఆ చక్రం ఏ లోహంతో చేసినది, ఎక్కడ వంగింది, ఎంత వంగింది, ఎక్కడైనా పగిలిందా అనే నాలుగు సంగతులు తేలితే, చాలా సందర్భాలలో ఎంచుకోవడానికి ఒక్క దారే మిగులుతుంది. అవి తేలకుండా ఇచ్చిన డబ్బు, బెండు తీయించడానికైనా కొత్తది కొనడానికైనా, వృథా అయ్యే అవకాశం ఉంది.

## ముందుగా తేల్చుకోవలసినవి

లోహం. కార్లకు ఉండే చక్రాలు ప్రధానంగా రెండు రకాలు. ప్లాస్టిక్ వీల్ కవరు కింద నల్లగా కనిపించేది ఉక్కు డిస్కు. కవరు లేకుండా వెండి రంగులోనో రెండు రంగులలోనో మెరిసేది అల్లాయ్ వీల్, అంటే అల్యూమినియం మిశ్రమంతో చేసినది. అనుమానంగా ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి: ఉక్కుకు అతుక్కుంటుంది, అల్యూమినియానికి అతుక్కోదు. ఉక్కు వంగే గుణం ఉన్న లోహం కాబట్టి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, తిరిగి కొడితే చాలావరకు యథాస్థితికి వస్తుంది. పోత పోసిన అల్యూమినియం మిశ్రమం అలా కాదు. అది కొంతవరకే వంగుతుంది, ఆ హద్దు దాటితే పగులుతుంది.

వంగిన చోటు. చక్రానికి రెండు అంచులు ఉంటాయి. బయటి అంచుకు చువ్వల దన్ను ఉంటుంది. కారు కిందివైపు తిరిగి ఉండే లోపలి అంచుకు అటువంటి ఆసరా లేదు, కనుక గుంతలో పడినప్పుడు ఎక్కువగా వంగేది అదే. పైకి చూస్తే చక్రం చక్కగా ఉన్నట్లే కనిపిస్తుంది, గీత కూడా పడి ఉండదు. అందుకే చక్రం ఊడదీయకుండా, నిలబడి చూసి చెప్పే మాటను నమ్మవద్దు. అంచు మీది సొట్ట సాధారణంగా బాగుచేయదగినది. చువ్వ మీద, చువ్వ మొదట్లో, లేదా నట్లు బిగించే మధ్యభాగంలో వంపు ఉంటే అది బాగుచేయదగినది కాదు.

పగులు. సొట్ట పడిన చోట వెంట్రుక మందాన గీత ఉన్నా దానిని గీకుడు గీతగా కొట్టిపారేయకూడదు. టైరు తీసి, ఆ చోటును శుభ్రంగా తుడిచి, లైటు ఏటవాలుగా వేసి చూడాలి. గాలి నింపిన చక్రం మీద సబ్బునీళ్లు పోసినప్పుడు బుడగలు టైరుకూ రిమ్ముకూ మధ్య నుంచి వస్తే అది అంచు వంపు వల్ల. లోహం మధ్యలో నుంచే వస్తే అది పగులు. ఈ తేడా చాలా ముఖ్యం. రెండిటికీ బయట కనిపించే లక్షణం ఒక్కటే, పొద్దున్నకల్లా టైరులో గాలి తగ్గిపోవడం. పంక్చర్ షాపులో మేకు కోసం ఎంత వెతికినా దొరకకపోతే రిమ్మును అనుమానించాలి.

వంపు కొలత. చక్రం తిరిగేటప్పుడు పక్కకు ఊగడం ఒకటి, పైకీ కిందికీ ఎగరడం ఇంకొకటి. షాపులో డయల్ గేజి (ముల్లు తిరిగే కొలత సాధనం) పెట్టి ఈ రెండిటినీ మిల్లీమీటర్లలో కొలుస్తారు. దీనిని రనౌట్ అంటారు. కొత్త అల్లాయ్ వీల్‌కు తయారీదారులు అనుమతించేది సాధారణంగా ఒక మిల్లీమీటరు లోపే, ఉక్కు డిస్కుకు దానికంటే కాస్త ఎక్కువ. ఇంటి దగ్గర ఉజ్జాయింపుగా చూసుకోవాలంటే, కారును చదునైన నేల మీద నిలిపి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, అనుమానం ఉన్న చక్రాన్ని జాకీతో పైకెత్తండి. పక్కన ఒక ఇటుక మీద స్క్రూడ్రైవరును ఆనించి, దాని కొన రిమ్ము అంచుకు తగిలీ తగలనట్లు ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. కొనకూ అంచుకూ మధ్య సందు ఒకచోట పెరిగి ఇంకొకచోట మూసుకుపోతుంటే వంపు ఉన్నట్లే. లోపలి అంచును మాత్రం షాపులోనే చూపించుకోండి, జాకీ మీద ఉన్న కారు కిందికి తలగానీ చేయిగానీ పెట్టవద్దు.

టైరు. రిమ్మును వంచేంత దెబ్బ టైరునూ వదలదు. పక్కగోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు వస్తే లోపలి దారాలు తెగాయని అర్థం, ఆ టైరుకు మరమ్మతు లేదు. ఈ ఖర్చు కూడా లెక్కలోకి తీసుకున్న తరువాతే మిగిలిన ఎంపికలను పోల్చాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద సున్నా వచ్చినంత మాత్రాన చక్రం గుండ్రంగా ఉన్నట్లు కాదు. ఆ మెషీన్ చెప్పేది బరువు సమంగా పంచబడిందా లేదా అన్న ఒక్క విషయమే. వంగిన చక్రానికి కూడా తగినన్ని సీసపు ముక్కలు అతికిస్తే సున్నా వస్తుంది, కానీ దారి మీద ఎగురుడు పోదు. ఒకే చక్రానికి ఎప్పుడూ లేనంత బరువు అతికించవలసి వస్తోందంటే, ఇంకొక ముక్క అతికించమనకుండా, టైరు తీసి రిమ్మును చూపించమని అడగాలి.

## ఎంపికలు ఒక్కొక్కటిగా

### అలాగే వాడుకోవడం

గాలి దిగకుండా, పగులు లేకుండా, వంపు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటే, బ్యాలెన్సింగ్ చేయించి వాడుకోవచ్చు. ఆ చక్రాన్ని వెనక్కు మార్చితే స్టీరింగ్ మీద అదురు తగ్గుతుంది. అదురు పూర్తిగా పోయిందనుకోకూడదు. ముందు చక్రం వంపు స్టీరింగ్‌లో తెలిస్తే, వెనక చక్రం వంపు సీటులో తెలుస్తుంది. ఊరిలో నలభై, యాభై వేగంతో తిరిగే కారుకు ఇది సరిపోతుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. ఇటువంటి చక్రం లోపాలు బయటపడేది ఎక్కువగా 80 కిలోమీటర్లు దాటిన తరువాతే. నిత్యం అటువంటి రోడ్ల మీద తిరిగేవారు ఈ దారిని వదిలేయడమే మంచిది, ఎందుకంటే ఎడతెగని అదురు టైరును అక్కడక్కడా అరగదీసి, బేరింగులకూ సస్పెన్షన్ కీళ్లకూ చేటు చేస్తుంది.

### ఉక్కు డిస్కు బెండు తీయించడం

ఉక్కు డిస్కు అంచు సొట్టను సుత్తితోనో ప్రెస్సుతోనో సరిచేయడం మన ప్రాంతంలో పాతకాలం నుంచి ఉన్న పని. అంచు మాత్రమే వంగితే ఇది సబబైన మార్గం. రెండు షరతులున్నాయి. టైరు అంచు కూర్చునే చోట సుత్తి దెబ్బల గరుకు మిగలకూడదు, మిగిలితే ట్యూబ్‌లెస్ టైరులో గాలి నిలవదు. రెండవది, రంగు లేచిపోయిన చోట మళ్లీ పూత వేయాలి. లేకుంటే తుప్పు పట్టి, కొన్ని నెలలకు గాలి దిగడం మళ్లీ మొదలవుతుంది. ఒక చోట కాకుండా రెండు మూడు చోట్ల వంగినా, నట్ల రంధ్రాలు సాగినా కొత్త డిస్కు తీసుకోవాలి. చిన్న కార్ల ఉక్కు డిస్కుల ధర అల్లాయ్ వీల్ ధరతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి, ఈ రకంలో మరమ్మతు కోసం పట్టుపట్టవలసిన అవసరం లేదు.

### అల్లాయ్ వీల్ బెండు తీయించడం

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, కనుక దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

కార్ల అల్లాయ్ వీల్స్‌లో ఎక్కువ భాగం ఏ356 అనే మిశ్రమంతో పోత పోసినవి. ఇందులో అల్యూమినియంతో పాటు సుమారు 7 శాతం సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. పోత పోయగానే దానికి పూర్తి బలం రాదు. చక్రాన్ని 540 డిగ్రీల సెల్సియస్ దాపుల వరకు కొన్ని గంటలు వేడిచేసి, చప్పున చల్లార్చి, తరువాత 150 నుంచి 170 డిగ్రీల దగ్గర మళ్లీ కొన్ని గంటలు ఉంచుతారు. ఆ రెండవ వేడిలోనే లోహం గట్టిపడుతుంది. అంటే చక్రం బలం దాని ఆకారంలోనే కాదు, అది పొందిన వేడి లెక్కలో కూడా ఉంది.

బెండు తీసేచోట జరిగేది చూడండి. చల్లగా ఉన్న అల్లాయ్‌ను ప్రెస్సుతో నొక్కితే పగిలే ప్రమాదం ఉంది కనుక గ్యాసు మంటతో ఆ చోటును వేడిచేస్తారు. ఉక్కు అయితే ఎర్రబడి ఎంత వేడెక్కిందో చెబుతుంది. అల్యూమినియం కరగబోయే ముందు కూడా ఎర్రబడదు. మంట పట్టుకున్న మనిషికి కంటి గుర్తు ఏదీ లేదు. వేడి కొలిచే సాధనం లేకుండా, చేతి అలవాటు మీద 250, 300 డిగ్రీలు దాటించేస్తే ఆ చోట లోహం మెత్తబడుతుంది. చక్రం గుండ్రంగా వస్తుంది, గేజి కూడా బాగానే చూపిస్తుంది, కానీ తరువాతి గుంతలో సరిగ్గా అదే చోట వంగుతుంది. బెండు తీయించిన చక్రాలు మళ్లీ మళ్లీ వంగుతున్నాయని చాలామంది చేసే ఫిర్యాదుకు కారణాలలో ఇది ముఖ్యమైనది.

కాబట్టి అల్లాయ్ బెండు తీయించేవారు ధర అడిగే ముందు షాపులో నాలుగు విషయాలు చూడాలి: టైరు పూర్తిగా విప్పి చేస్తున్నారా, చక్రాన్ని షాఫ్టు మీద బిగించి, హైడ్రాలిక్ ప్రెస్సుతో కొంచెం కొంచెంగా నొక్కుతూ ప్రతిసారీ డయల్ గేజి చూస్తున్నారా, వేడి కొలిచే సాధనం వాడుతున్నారా, పని ముగిశాక ఆ చోట పగులు ఉందేమోనని చూస్తున్నారా. పనికి ముందూ తరువాతా గేజి ముల్లు ఎంత తిరిగిందో మీ కళ్ల ముందు చూపించమనండి. సుత్తి, మంట మాత్రమే ఉన్న చోటికి అల్లాయ్‌ను తీసుకెళ్లవద్దు, ఆ పనివాడు ఉక్కు డిస్కుల పనిలో ఎంత నేర్పరి అయినా సరే.

నా అంచనాలో లోపలి అంచు మీద ఒకే చోట, సుమారు మూడు మిల్లీమీటర్ల లోపు, పగులు లేని వంపు అయితే ఈ మరమ్మతు చేయించవచ్చు. అంతకంటే ఎక్కువ వంగినా, అంతకుముందు ఒకసారి అదే చోట బెండు తీయించి ఉన్నా, కొత్తది తీసుకోవాలి.

### పగులుకు వెల్డింగు

దీనిని నేను ఎంపికగా లెక్కించడం లేదు. చాలా షాపులు చేస్తున్నందువల్లే ప్రస్తావిస్తున్నాను. ఆర్గాన్ వెల్డింగుతో పగులు మూసుకుంటుంది, గాలి దిగడం ఆగుతుంది. కానీ వెల్డింగు వేడికి చుట్టూ ఉన్న లోహం మెత్తబడుతుంది, అతుకు పక్కన కొత్త పగులు మొదలుకావచ్చు. అది హైవే వేగంలో తెరుచుకుంటే గాలి ఒక్కసారిగా పోతుంది. పగిలిన అల్లాయ్‌ను పాత ఇనుము కొట్టుకు వేయండి. అల్యూమినియానికి ఎంతో కొంత ధర వస్తుంది.

### కంపెనీ కొత్త చక్రం

అన్నిటికంటే ఖరీదైనది, అన్నిటికంటే తక్కువ ఆలోచన కోరేది ఇదే. కొలతలు, బరువు మోసే శక్తి, నట్ల ఆకారం అన్నీ కారుకు సరిపోతాయి. ఒక్క చక్రం మార్చితే చాలు, జత మార్చనవసరం లేదు. అయితే పాత మోడల్ కార్లకు అదే డిజైను దొరక్కపోవచ్చు, తెప్పించడానికి వారాలు పట్టవచ్చు. ఈలోగా స్టెప్నీ మీద నడపవలసి వస్తే, అది మిగిలిన చక్రాల కంటే సన్నని కొలతదేమో చూసుకోండి. అటువంటి వాటి మీద సాధారణంగా 80 కిలోమీటర్ల వేగపరిమితి రాసి ఉంటుంది, దూర ప్రయాణాలకు అవి తగవు.

### వాడిన కంపెనీ చక్రం

కొత్త కారు కొనగానే పెద్ద అల్లాయ్‌లు వేయించుకొని, కారుతో వచ్చిన చక్రాలను అమ్మేసేవారు ఉంటారు. అలా వచ్చినవి విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాదులో పాత సామాను దొరికే చోట్లా కనిపిస్తాయి. మంచిది దొరికితే ధరకూ నాణ్యతకూ మధ్య ఇంతకంటే మేలైనది లేదు. దొరికినది మంచిదో కాదో తేల్చడమే కష్టం. కొత్తగా రంగు వేసి మెరుస్తున్న దానికంటే, గీతలు పడి పాతగా కనిపించేదే నయం. కొత్త రంగు కింద వెల్డింగు అతుకు దాగి ఉండవచ్చు. లోపలి వైపు చేత్తో తడిమి చూసి, బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి అంచు ఊగుతోందేమో కళ్లతో చూసిన తరువాతే డబ్బు ఇవ్వాలి.

### బయటి కంపెనీల అల్లాయ్‌లు

ఒక్క చక్రం కోసం వెళితే డిజైను కలవదు, కనుక ఇది దాదాపుగా నాలుగు చక్రాలూ మార్చే నిర్ణయం. ధర కంటే కొలతలు ముఖ్యం. నట్ల వలయం కొలత, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందనే కొలత), వెడల్పు, మధ్య రంధ్రం, మోయగల బరువు అన్నీ సరిపోవాలి. ఉదాహరణకు మారుతి స్విఫ్ట్‌కు నాలుగు నట్లు, 100 మి.మీ. వలయం, 54.1 మి.మీ. మధ్య రంధ్రం. హ్యుందాయ్ క్రెటాకు ఐదు నట్లు, 114.3 మి.మీ. వలయం, 67.1 మి.మీ. రంధ్రం. బయటి అల్లాయ్‌లు అనేక కార్లకు సరిపోవాలని మధ్య రంధ్రాన్ని పెద్దగా, తరచు 73.1 మి.మీ.గా, చేస్తారు. మిగిలిన ఖాళీని నింపే హబ్ రింగు వేయకపోతే చక్రం సరిగ్గా మధ్యకు కూర్చోక, కొత్త చక్రంతోనే అదురు మొదలవుతుంది. రిమ్ము మీద ఐఎస్ఐ ముద్ర, మోయగల బరువు పోతలోనే ఉన్నాయో లేదో చూడండి.

కొలత పెంచాలనే కోరిక కలిగేది కూడా ఇక్కడే. టైరు మీది అంకెలలో మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండవది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలలో. స్విఫ్ట్‌లో 165/80 ఆర్14 టైరు పక్కగోడ ఎత్తు 132 మి.మీ., 185/65 ఆర్15కు 120 మి.మీ., బయట వేయించే 195/55 ఆర్16కు 107 మి.మీ. మాత్రమే. మొత్తం చక్రం ఎత్తు దాదాపు మారదు. తగ్గేదంతా రిమ్మును గుంత నుంచి కాపాడే రబ్బరే. ఒకసారి రిమ్ము వంగిన అనుభవం ఉన్నవారు, అదే దారిలో తిరిగేవారు, పెద్ద రిమ్ము వైపు వెళ్లడం సరికాదు.

## ఒక్క చూపులో

| ఎంపిక | ఎప్పుడు తగును | ఎప్పుడు తగదు | ఖర్చు |
|---|---|---|---|
| అలాగే వాడటం | చిన్న వంపు, గాలి దిగదు, ఊరి వాడకం | హైవే వాడకం | అతి తక్కువ |
| ఉక్కు బెండు తీయడం | అంచు మీద ఒకటే సొట్ట | మధ్యభాగం వంగితే | తక్కువ |
| అల్లాయ్ బెండు తీయడం | లోపలి అంచు, సుమారు 3 మి.మీ. లోపు | పగులు, చువ్వ వంపు, రెండవసారి | మధ్యస్థం |
| వాడిన కంపెనీ చక్రం | పరీక్షించి తీసుకోగలిగితే | కొత్త రంగు వేసినది | మధ్యస్థం |
| కంపెనీ కొత్త చక్రం | పగులు, పెద్ద వంపు, హైవే వాడకం | డిజైను దొరకనప్పుడు | ఎక్కువ |
| బయటి అల్లాయ్‌లు | రెండు మూడు చక్రాలు పోతే | ఒక్కటే పోతే | చాలా ఎక్కువ |

## ఇన్సూరెన్స్ క్లెయిము చేయాలా?

సమగ్ర (కాంప్రహెన్సివ్) పాలసీ ఉంటే గుంతలో పడి వంగిన రిమ్ముకు క్లెయిము అడగవచ్చు. టైరు సంగతి వేరు: టైరు మాత్రమే పాడైతే మామూలు పాలసీ ఇవ్వదు, కారుకు కూడా అదే సమయంలో నష్టం జరిగితే టైరు ధరలో సగం వరకు ఇస్తుంది. టైరు, రిమ్ముల రక్షణకు విడిగా యాడ్ ఆన్ తీసుకున్నవారికి నిబంధనలు వేరుగా ఉంటాయి.

క్లెయిము వచ్చినంత మాత్రాన లాభం కాదు. లెక్క కోసం రెండున్నరేళ్ల కారు, రిమ్ము ధర 9,000 రూపాయలు అనుకుందాం. కారు వయసును బట్టి తీసివేసే తరుగు 15 శాతం, అంటే 1,350 పోతుంది. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు (యజమానే భరించవలసినది) 1,000 పోగా చేతికి వచ్చేది 6,650. ఇక నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు సంగతి. అది యజమాని తన పాత కారు నుంచి తెచ్చుకున్నందువల్ల 50 శాతం దగ్గర ఉందనీ, సొంత నష్టం ప్రీమియం బోనస్ లేకుండా 8,000 అనీ అనుకుందాం. క్లెయిము చేస్తే బోనస్ సున్నాకు పడిపోయి, తరువాత మళ్లీ క్లెయిము లేకుండా ఏటికేడు 20, 25, 35, 45 శాతాలుగా పెరుగుతూ 50కి చేరుతుంది. ఈ ఐదేళ్లలో అదనంగా కట్టవలసింది వరుసగా 4,000, 2,400, 2,000, 1,200, 400, మొత్తం 10,000 రూపాయలు. కారు విలువతో పాటు ప్రీమియం తగ్గుతుంది కనుక అసలు మొత్తం కొంత తక్కువే ఉండవచ్చు. అయినా ఒక్క రిమ్ము కోసం క్లెయిము చేయడం ఇటువంటివారికి గిట్టదు. బోనస్ రక్షణ యాడ్ ఆన్ ఉన్నవారు, బోనస్ ఇంకా మొదలుకానివారు, రిమ్ముతో పాటు సస్పెన్షన్ కూడా దెబ్బతిన్నవారు మాత్రం క్లెయిము గురించి ఆలోచించాలి.

## ఎవరికి ఏది

కుటుంబంతో తరచు హైదరాబాదు, విజయవాడ మధ్య తిరిగేవారికి నేను చెప్పేది స్పష్టం: అల్లాయ్ లోపలి అంచు చిన్న వంపు అయితే మంచి షాపులో బెండు తీయించి ఆ చక్రాన్ని వెనక వేయించండి, అంతకు మించితే కంపెనీ కొత్త చక్రం తీసుకోండి. పిల్లలను బడికి దింపడానికీ, ఆఫీసుకు వెళ్లడానికీ ఊరిలోనే తిరిగే కారుకు మరమ్మతు చాలావరకు సరిపోతుంది.

అద్దెకు కారు నడిపేవారి లెక్క వేరు. కారు ఆగిన ప్రతి పూటా ఆదాయం పోతుంది, చక్రాలు గుంతలలో పడటం ఆగదు. వారికి అల్లాయ్‌ల కంటే ఉక్కు డిస్కులే నయం. దెబ్బ తింటే ఏ ఊరిలోనైనా గంటలో సరిచేసుకోవచ్చు, కొత్తది కొన్నా భారం కాదు. అల్లాయ్‌లు వచ్చిన కారుకు ఉక్కు డిస్కులు మార్చేటప్పుడు నట్లు రెండిటికీ ఒకటేనా అని తయారీదారు పుస్తకంలో చూసుకోవాలి. కొన్ని కార్లకు నట్ల అడుగు ఆకారం వేరుగా ఉంటుంది.

త్వరలో కారు అమ్మదలచినవారు వంగిన చక్రాన్ని స్టెప్నీగా దాచి పెట్టడం కనిపిస్తుంది. అది కొనేవారికి అన్యాయం, దారిలో పంక్చరైన రోజున ప్రమాదం కూడా. వాడిన కంపెనీ చక్రం ఒకటి చూసి వేయించి అమ్మడం మేలు.

## పని అయిన తరువాత

ఏ దారి ఎంచుకున్నా బ్యాలెన్సింగ్ తప్పనిసరి. రిమ్మును వంచిన దెబ్బ అలైన్‌మెంటును కూడా కదిలించి ఉండవచ్చు కనుక దానినీ చూపించాలి. కారు ఒక పక్కకు లాగుతున్నా, గుంతల మీద కొత్తగా టకటకమని శబ్దం వస్తున్నా చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, దానిని స్టీరింగ్‌కు కలిపే టై రాడ్ వంగాయేమో చూడమని అడగండి. వాటిని వదిలేసి చక్రం ఒక్కటే మార్చితే కొత్త టైరు ఒకవైపే అరిగిపోతుంది. గాలి పీడనం డ్రైవరు వైపు తలుపు చట్రం మీది స్టిక్కరులో రాసినంత ఉంచండి. గాలి తక్కువైన టైరు గుంతలో పూర్తిగా నొక్కుకుపోయి దెబ్బను నేరుగా రిమ్ముకు అందిస్తుంది. నట్లను గాలితో పనిచేసే న్యూమాటిక్ గన్నుతో కడదాకా బిగించనివ్వకుండా, చివరి బిగింపు టార్క్ రెంచితో (బిగింపును కొలిచే రెంచి), ఎదురెదురు నట్ల వరుసలో వేయించాలి. కొత్త అల్లాయ్ వేసిన తరువాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక ఆ బిగింపును మరొకసారి సరిచూడాలి.